ముప్పై ఎనిమిది టన్నుల కోత

1వ రోజు. ఎత్తు 50,040 మీటర్లు

ఇది మబ్బుపాలెం నాలుగో వార్డు తేలిక పక్షం అధికారిక చిట్టా. రాస్తున్నది వార్డు కార్యదర్శి కె. నాగమల్లి, బరువుల శాస్త్రంలో పట్టభద్రురాలు, వయసు ఇరవై మూడు, బరువు నలభై తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు. మా ఊళ్లో వయసు దాచుకోవచ్చు గానీ బరువు దాస్తే నేరం.

ఉదయం ఆరింటికి మా మేనత్త వీరవేణితో కలిసి కిటికీల మీద పేరుకున్న ఆమ్లం తుడిచాను. శుక్రుడి మబ్బుల్లో తేలే ఊళ్లో ఇది రోజూ ఉండే పనే. అత్త పొడుగు బ్రష్షు బయటికి పెట్టి గీకుతూ ఎత్తు సూచిక వైపు చూసింది.

"నిన్న నలభై నాలుగుండేది కదే మల్లీ?"

"అవునత్తా. రోజుకి నాలుగు మీటర్లు."

"అంటే యాభై వేలకి ఇంకెన్నాళ్లు?"

"పది రోజులు."

అత్త మళ్లీ గీకడంలో పడింది. యాభై వేల మీటర్ల కిందికి దిగితే అన్నిటికన్నా అడుగు అంతస్తులో ఉన్న మా వార్డు వేడెక్కుతుంది. అప్పుడు చట్టప్రకారం సీలు వేస్తారు. ఆరు వందల పన్నెండు మందిమి పై అంతస్తు నడవాల్లో చాపలు పరుచుకోవాలి. అత్త ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఉంటోంది. నన్ను పెంచింది కూడా ఇందులోనే.

కారణం ఏ గొప్ప రహస్యమూ కాదు. ఊరిని మోసే గాలి సంచులు పాతబడ్డాయి. కొత్తవి కుట్టడానికి నాలుగు నెలలు పడుతుంది. అందాకా తేలాలంటే బరువు దింపాలి. మా ఇళ్ల వంతు మేం దింపేశాం. గత నెల మనిషికి ఎనిమిది కిలోలు కోత పెడితే అత్త రుబ్బురోలు పొత్రాన్ని అడుగు తలుపులోంచి మబ్బుల్లోకి వదిలేసి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అదే వారం ప్రభుత్వం పై అంతస్తులో ఆరు టన్నుల ఫౌంటెన్ పెట్టింది. నీళ్లు పోస్తే తొమ్మిది.

అందుకే నేను తేలిక పక్షంలో ఉన్నాను.

2వ రోజు. ఎత్తు 50,036 మీటర్లు

మహాసభ! గొంతు పోయింది కనుక ఈ పూట చిట్టా మాత్రమే మాట్లాడుతుంది.

మా పక్షం అధ్యక్షులు పుల్లేటి భాస్కరరామం గారు మా వార్డుకే వచ్చి మాట్లాడారు. ఆయన పుట్టింది ఇక్కడే. ఎన్నికల్లో సభ మనకి వచ్చింది, పురాధ్యక్ష పదవి సదుపాయాల పక్షానికి పోయింది. ఏ కోతకైనా రెండు సంతకాలూ పడాలి.

"నాలుగు వందల టన్నులు!" అన్నారు ఆయన చెయ్యెత్తి. "ఒక్క గ్రాము తగ్గినా ఈ భాస్కరరామం కలం తియ్యడు!"

నేను లెక్క వేసి చూశాను. టన్ను దింపితే మీటరున్నర లేస్తాం. నాలుగు వందలకి ఆరు వందల మీటర్లు. నాలుగు నెలలు దర్జాగా తేలతాం. ఇంత సరైన అంకెని ఒక రాజకీయ నాయకుడి నోట వినడం నా జీవితంలో ఇదే మొదలు. కళ్లు చెమర్చాయి. కొంత ఆమ్లం వల్ల కూడా కావచ్చు.

4వ రోజు. ఎత్తు 50,028 మీటర్లు

లిఫ్టు నడిపే రత్నం సదుపాయాల పక్షం మనిషి. నేను ఎక్కగానే తలుపు మూసి, వార్తలు చదివే గొంతు పెట్టాడు.

"కార్యదర్శి గారికి నమస్కారం. మీ నాలుగొందలు నిన్న రాత్రికి రెండొందల యాభై అయిందంట కదండీ?"

"అది బేరంలో మొదటి మెట్టు."

"దిగే మెట్టా, ఎక్కే మెట్టా?"

"నోరుముయ్యి రత్నం. మీవాళ్లు ఫౌంటెన్ దింపితే చాలు."

"మావాళ్లు ఫౌంటెన్ దింపరు. మీవాళ్లు ఆస్పత్రి దింపుతామంటే మేం ఒప్పుకోం. మా అమ్మ ఊపిరి మిషను తొంబై కిలోలు, తెలుసా నీకు?"

"ఆస్పత్రి మా జాబితాలో లేదు. నేనే చదివాను, మూడుసార్లు."

వాడు నా మొహంలోకి చూశాడు. "నువ్వు చదివావంటే నమ్ముతాను గానీ, మీ అధ్యక్షుల వారు చదివారంటావా?"

నేను పార్టీ క్రమశిక్షణను దృష్టిలో పెట్టుకుని నా అంతస్తు మీట నొక్కాను.

6వ రోజు. ఎత్తు 50,020 మీటర్లు

ఒప్పందం కుదిరింది! తెర మీద ఇద్దరు నాయకులూ చేతులు కలిపారు. "చరిత్రలోనే అతి పెద్ద కోత" అని కింద అక్షరాలు పరిగెత్తాయి. వార్డంతా చప్పట్లు. నేనూ కొట్టాను, అంకె కనిపించేదాకా.

ముప్పై ఎనిమిది టన్నులు.

సరే, అదైనా యాభై ఏడు మీటర్లు. ఇంకో పధ్నాలుగు రోజుల ఊపిరి. లేనిదానికన్నా నయమే కదా అనుకుని మధ్యాహ్నం ఒప్పందం అనుబంధం తెరిచి కూర్చున్నాను. నేనిలా చదువుకున్నదాన్ని కాకపోయుంటే ఎంత సుఖంగా ఉండేదాన్నో!

ముప్పై ఒక్క టన్నులు: వచ్చే ఏడాది ఎక్కించాలనుకున్న నృత్యశాల. ఎక్కించడం లేదు కాబట్టి దింపినట్టే.

ఐదు టన్నులు: పోయిన నెల మా ఇళ్ల నుంచి దింపినవి. అందులో అత్త పొత్రం కూడా ఉంది.

టన్నున్నర, ఆపైన వంద కిలోలు: "అధ్యయనం చేసి దింపబడును."

మిగిలింది నాలుగు వందల కిలోలు. నిజంగా ఉన్నదీ, నిజంగా దింపబోయేదీ అదొక్కటే. అవి మా వార్డు ఉమ్మడి స్నానాల గదిలోని రెండు వేణ్ణీళ్ల బాయిలర్లు.

అత్తకి చదివి వినిపించాను. అత్త నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసింది.

"మనం ఓటేసి గెలిపించి, మన స్నానాలు మానిపించుకున్నామన్నమాట."

7వ రోజు. ఎత్తు 50,016 మీటర్లు

పార్టీ కార్యాలయానికి వెళ్లాను. పై అంతస్తు కిటికీలు ఎవరో తుడిచిపెడతారు, అందుకే బయట ఆకాశం భలే అందంగా కనిపిస్తుంది. భాస్కరరామం గారు నాకు టీ ఇప్పించారు. ఆయన మంచివారు, అదే అసలు చిక్కు.

"ఎక్కించని బరువు దింపడం ఎలాగండీ?" అని అడిగాను.

"అమ్మాయ్, నువ్వు బరువుల శాస్త్రం చదివావు. నేను మనుషుల్ని చదివాను. అవతలివాడు సంతకం పెట్టనన్నాడు. ఒప్పందం గడువు దాటితే జీతాల డబ్బు ఆగి, సంచుల దగ్గర పనివాళ్లు పని ఆపుతారు. ఆపితే రోజుకి నాలుగు కాదు, నలభై మీటర్లు దిగుతాం. ముందు మునిగేది ఎవరు? మీరే. మీకోసమే ఒప్పుకున్నాను."

"మాకోసం మా బాయిలర్లు ఒప్పుకున్నారా?"

ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. ఒక్క క్షణం మా వార్డులో పుట్టిన మనిషిలా కనిపించారు. "ఏదో ఒకటి నిజంగా దింపాలన్నాడతను. నా చేతిలో ఉన్నవి అవే."

ఆయన అబద్ధమాడలేదు. అదే నన్ను మరీ కాల్చింది. సభలో ఇరవై మూడు మంది మనవాళ్లున్నారు. వాళ్ల వార్డుల్లో ఒక్క సోఫా కదలలేదు.

లేచి వచ్చేస్తుంటే ఆయన పిలిచారు. "ఎల్లుండి మీ వార్డులోనే ఒప్పందం శిలాఫలకం ఆవిష్కరణ. నీ పేరు కూడా చెక్కిస్తున్నాను, మూడో వరుసలో."

నేను మండిపడాలి. మండిపడ్డాను కూడా. కానీ ఈ చిట్టాలో నిజమే రాస్తానని ప్రమాణం చేశాను కనుక రాస్తున్నాను: లిఫ్టులో కిందికి వచ్చేటప్పుడు మూడో వరుసలో అక్షరాలు ఎంత పెద్దవి ఉంటాయా అని ఆలోచించాను.

9వ రోజు. ఎత్తు ఉదయం 50,008, సాయంత్రం 50,005 మీటర్ల 60 సెంటీమీటర్లు

ఎందుకు తేడా వచ్చిందో కింద చూడండి.

పదింటికి బాయిలర్లు మబ్బుల్లోకి పోయాయి. అరవై సెంటీమీటర్లు లేచాం. పదకొండింటికి శిలాఫలకం దిగింది. శుక్రుడి నేల నుంచి ఖనిజాల యంత్రం మోసుకొచ్చిన నల్లరాయి. రెండు టన్నులు. మూడు మీటర్లు కుంగాం.

బరువు తగ్గించిన సందర్భాన్ని స్మరించుకోవడానికి, తగ్గించిన దానికి ఐదింతల బరువు ఎక్కించాం. నేను నా డిగ్రీ పట్టా మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఆ వేదిక మీద నలభై మంది ఉన్నారు, ఒక్కరు కూడా నవ్వలేదు. రెండు పక్షాలవాళ్లూ పూలదండల్లోంచి గంభీరంగా చూశారు.

అత్త మాత్రం నా పక్కన నిలబడి రాయి తట్టి చూసింది. "పొత్రానికి బాగుండేది."

మూడో వరుసలో నా పేరు ఉంది. అక్షరాలు బాగానే ఉన్నాయి. ఫొటో తీసుకోలేదు. ఒకటే తీసుకున్నాను.

10వ రోజు. ఎత్తు 50,001 మీటర్ల 60 సెంటీమీటర్లు

నిద్ర పట్టని రాత్రి తెల్లవారాక ఊరంతా నడిచాను. చేతిలో తూకం పుస్తకం. రత్నం డ్యూటీ దిగి వెంట వచ్చాడు, "నీకు పిచ్చెక్కితే సాక్షి కావాలి కదా" అంటూ.

మా ఊళ్లో ఏ పని తలపెట్టినా ముందు శంకుస్థాపన రాయి వేస్తారు. తర్వాత పని రాదు, రాయి మిగులుతుంది. గ్రంథాలయానికి నాలుగు రాళ్లున్నాయి, గ్రంథాలయం లేదు. ఈతకొలనుకి తొమ్మిది. నీళ్లకే కరువైన ఊళ్లో! అరవై ఏళ్ల రాళ్లు, అన్ని ప్రభుత్వాలవీ, అన్ని పక్షాలవీ. పెద్దది నిన్నటిదొక్కటే, మిగతావి ఒక్కోటి ఎనిమిది వందల కిలోలు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. మూడు వందల పదకొండు రాళ్లు. రెండు వందల యాభై టన్నులు.

రత్నం మెట్ల మీద కూలబడ్డాడు. "ఇది ఏ జాబితాలోనూ లేదేంటే?"

"జాబితా రాసే ప్రతివాడి పేరూ వీటి మీదే ఉంది కాబట్టి."

"మీవాళ్లదీ, మావాళ్లదీ."

"మనవాళ్లదీ," అన్నాను.

11వ రోజు. ఎత్తు 49,997 మీటర్ల 60 సెంటీమీటర్లు

దాటేశాం. ఉదయం పదింటికి కొలతల అధికారి వచ్చి ప్రతి తలుపుకీ కాగితం అంటించాడు. రేపు సాయంత్రం నాలుగింటికి ఆఖరి కొలత. యాభై వేలకి ఒక్క సెంటీమీటరు తక్కువున్నా సీలు. అత్త కాగితం చదివి, లోపలికి వెళ్లి దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఆ మడతలు చూడలేక నేను పురపాలక నిబంధనల సంపుటి ముందు కూర్చున్నాను. చదివింది పరీక్ష కోసం, మర్చిపోయింది పరీక్ష కాగానే. నూట పన్నెండో నిబంధన: "శిలాఫలకముపై నామము చెక్కబడిన ఏ ఒక్క వ్యక్తియైనను, లేక వారసులైనను, లిఖితపూర్వకముగా కోరినచో ఫలకము తొలగింపవచ్చును."

ఏ ఒక్క వ్యక్తియైనను!

ఇన్నేళ్లూ దీన్ని ఎవరూ వాడలేదు. తన పేరు తనే తీసేయమని రాసిచ్చే మనిషి మా ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు.

కాగితం తీశాను. "నేను, కె. నాగమల్లి, మూడో వరుస..." ఒక నిమిషం ఆగాను. రెండో నిమిషం ఆగలేదు.

వార్డువాళ్లు గొలుసు కప్పీలు తెచ్చారు. సాయంత్రం ఐదింటికి ఒప్పందం శిలాఫలకం అడుగు తలుపులోంచి జారి, తిరుగుతూ పసుప్పచ్చ మబ్బులో కలిసిపోయింది. అందరం సూచిక వైపు తిరిగాం. ముల్లు కదిలింది. పైకి! ఈసారి నిజంగానే ఊరు పైకి లేచింది. మూడు మీటర్లు! అత్త నా తల మీద ఒక్కటి మొట్టింది. మా ఇంట్లో అది పద్మభూషణ్‌తో సమానం.

12వ రోజు. ఎత్తు: కింద చదవండి

రాయి తీశాక కూడా ఈ సాయంత్రం నాలుగింటికి 49,995 మీటర్ల 60 సెంటీమీటర్ల దగ్గర ఉంటాం. ఇంకా నాలుగు మీటర్ల నలభై కావాలి. రాయికి మీటరు ఇరవై. అంటే నాలుగు రాళ్లు. కప్పీలతో ఒక్కో రాయికి రెండు గంటలు. ఉదయం ఏడింటికి మొదలుపెట్టాం.

సంతకాలు ఎవరివి? ఇక్కడే మా నాయకుల ఔదార్యం మమ్మల్ని కాపాడింది. కార్యకర్తని సంతోషపెట్టాలంటే అతని పేరు రాయి అడుగున చిన్న అక్షరాల్లో చెక్కిస్తారు. పూలదండలు తెచ్చినవాడు, షామియానా వేసినవాడు. అరవై ఏళ్లుగా అలా పంచిన పేర్లన్నీ మా అడుగు అంతస్తు జనానివే.

మొదటి రాయి మా అత్తది. "హారతి: కుమారి వీరవేణి." అత్త ఆ కుమారి అన్న మాట మీద వేలు పెట్టి చూసుకుంది. "సన్నగా ఉండేదాన్నే అప్పుడు. తొయ్యండి." రెండోది మైకు సెట్టు అద్దెకిచ్చినాయన మనవరాలు రాసిచ్చింది.

మూడోది రత్నం వాళ్ల నాన్నది. "రాయి మోసినవారు: యేసుదాసు." వాళ్ల నాన్న పోయి ఎనిమిదేళ్లయింది. రత్నం కలం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"మా నాన్న పేరు ఇంకెక్కడా రాసి లేదే మల్లీ. రేషను కార్డులో కూడా తప్పే పడింది."

ఎవరూ తొందరపెట్టలేదు. గడియారం తొందరపెట్టింది గానీ దాన్నెవరూ చూడలేదు. వాడు తలుపు వైపు చూసి, "ఆయనైతే ఇంతసేపు ఆలోచించేవాడు కాదు, ఎత్తమనేవాడు" అని సంతకం పెట్టి, గొలుసు తనే అందుకున్నాడు.

మూడు గంటల ఐదు నిమిషాలు. మధ్యలో గొలుసు తెగి రెండు గంటలు వృథా అయినా మూడు రాళ్లూ పోయాయి. ఇంకా ఎనభై సెంటీమీటర్లు తక్కువ. మావాళ్ల పేర్లున్న మిగతా రాళ్లన్నీ పై అంతస్తుల్లో ఉన్నాయి, దింపడానికే రెండు గంటలు. అడుగు తలుపుని ఆనుకుని ఒకే ఒక్క రాయి ఉంది. "నాలుగో వార్డు ఆరోగ్య కేంద్రమునకు శంకుస్థాపన." ఆ కేంద్రం రాలేదు. రాయి మీద పేరు ఒక్కటే. పుల్లేటి భాస్కరరామం, ముప్పై ఏళ్ల నాటిది. ఆయన జీవితంలో మొదటి రాయి.

రత్నం లిఫ్టు వేసుకుని వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాడు. ఎలా తీసుకొచ్చాడో చిట్టాకి అనవసరం.

ఆయన రాయి ముందు నిలబడ్డారు. జనం దారి ఇచ్చారు. దుప్పట్ల మూటలు తలుపుల ముందు వరసగా ఉన్నాయి. ఆయన అవీ చూశారు.

"ఇది నా మొదటిది అమ్మాయ్. ఈ రాయి వేసిన రోజు మా అమ్మ ఉంది."

"తెలుసండీ."

"సగం చేద్దామా?" అన్నారు. ఆశగానే అన్నారు, అలవాటుగానే అన్నారు. "పేరున్న సగం ఉంచి, మిగతా సగం దింపేద్దాం. ఇద్దరికీ న్యాయం."

నాకు కోపం రాలేదు, ఆశ్చర్యంగా ఉంది. "సగం తీస్తే అరవై సెంటీమీటర్లు లేస్తామండీ. ఎనభై కావాలి."

"ఇరవయ్యే కదా తేడా. అధికారితో మాట్లాడతాను."

మా అత్త ముందుకొచ్చింది. "ఏవండీ భాస్కరరామం గారూ. మీ ఇల్లు మా పక్క గుమ్మమే కదా ఒకప్పుడు. ఆ ఇరవై సెంటీమీటర్లలో ఎవర్ని నిలబెడతారో మీరే సెప్పండి. పేరు సదవండి, మేం ఖాళీ చేసేస్తాం."

ఆయన మూటల వైపు మళ్లీ చూశారు. ఏదో ఒక మూట దగ్గర చూపు ఆగింది, ఎవరిదో నాకు తెలియదు. మూడు గంటల పదిహేను.

"కలం ఇవ్వు," అన్నారు.

ఆయన సంతకం పెట్టడం నేను చాలాసార్లు తెర మీద చూశాను. ఎప్పుడూ ఎవరో ఒకరి వైపు నవ్వుతూ పెడతారు. ఈసారి కాగితం వైపే చూశారు.

గొలుసు బిగించాం. రెండు గంటల పని నలభై నిమిషాల్లో అవుతుందని బరువుల శాస్త్రంలో ఎక్కడా లేదు. కానీ ఆరు వందల మంది ఒకే గొలుసు మీద పడితే ఏమవుతుందో కూడా అందులో లేదు! రాయి కదిలింది, ఆగింది, మూలకి తట్టుకుంది. రత్నం కేకలు. అత్త బూతులు. చిట్టా గౌరవం కోసం అవి రాయడం లేదు. మూడు యాభై ఎనిమిదికి రాయి అంచు దాటి మబ్బులోకి వెళ్లిపోయింది.

ముల్లు వణికింది. 49,999.2. 49,999.7. జనం గొంతులు కూడా దానితో పాటే లేచాయి. 50,000.1!

50,000.4!

కొలతల అధికారి అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, సీలు డబ్బా మూత పెట్టేశాడు. అప్పుడు లేచిన గోలకి ఊరు ఇంకో మీటరు లేచి ఉంటుందని నా శాస్త్రీయ అంచనా. అత్త దుప్పటి మూట విప్పి, దుప్పటిని గాల్లోకి విసిరింది. నేను రత్నాన్ని కౌగిలించుకున్నాను. అది పార్టీల మధ్య చారిత్రక ఒప్పందంగా మాత్రమే నమోదు చేస్తున్నాను.

రోజుకి నాలుగు మీటర్లు. చీకటి పడేలోపే మళ్లీ కిందికి దిగిపోతాం, రాళ్లు ఆపితే. అందుకే ఎవరూ ఆగలేదు. సగం మంది అప్పటికే గొలుసులు భుజాన వేసుకుని లిఫ్టు వైపు పరిగెడుతున్నారు.

భాస్కరరామం గారు ఖాళీ అయిన చోట నిలబడి గొంతు సవరించుకున్నారు. "ప్రియమైన నాలుగో వార్డు ప్రజలారా..."

వినేవాళ్లు లేరు. ఆయన చుట్టూ చూశారు. కాసేపటికి కండువా తీసి నడుముకి బిగించి, నా దగ్గరికి వచ్చి గొలుసు రెండో కొస పట్టుకున్నారు.

"తర్వాతది ఎవరిది?"

నేను తూకం పుస్తకం తెరిచి చూశాను.

"మీదేనండీ. దాని తర్వాతది కూడా."